రాజుకూ రాముడికీ నడుమ: వెండితెర గోపన్న చిత్తూరు నాగయ్య

ధారావాహిక: తెరకెక్కిన మన నేల – తొమ్మిదో భాగం

గత భాగంలో పాల్వంచ అడవుల మీదుగా గోదావరి దాకా వచ్చాం. భద్రిరెడ్డిపాలెం దమ్మక్క పుట్టలో దేవుణ్ణి చూసి, పందిరి వేసి, దొరికిన పండూ కాయా నైవేద్యం పెట్టిన కథ చెప్పుకున్నాం. ఆమె తాటాకు పందిరి రాతి గుడిగా మారడానికి కారకుడైన కంచర్ల గోపన్న దగ్గర ఆగాం. ఆ గోపన్నను తెలుగువాళ్ల కళ్లముందు నిలబెట్టిన నటుడు చిత్తూరు నాగయ్య. ఈ వారం ఆయన కథ.

రామదాసు పేరు వినగానే మన మనసులో ఒక రూపం కదులుతుంది. మెడలో తులసిమాల, చేతిలో తంబుర, కళ్లనిండా నీళ్లు, గొంతులో వేడుకోలు, నిలదీత రెండూ కలిసిన జీర. గోపన్నను చూసి చిత్రం గీసినవాళ్లు ఎవరూ లేరు. ఆ రూపం హరికథల నుంచీ, భజన మండళ్ల నుంచీ, రంగస్థలం నుంచీ వచ్చి, చివరికి తెరమీద కుదురుకుంది. టాకీలు మొదలైన తొలి రోజుల్లోనే, 1933లో, రామదాసు కథ తెలుగులో సినిమా అయింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు, 1964లో, నాగయ్య సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం చూసుకుని, తానే గోపన్నగా నటించిన ‘రామదాసు’ వచ్చింది. అప్పటికి ఆయన వయసు అరవై.

ఆ అరవై ఏళ్ల జీవితం ఎటు నడిచి భద్రగిరి మెట్ల దగ్గరికి చేరిందో చూస్తే తెలుగు సినిమా చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం అర్థమవుతుంది.

గుమాస్తా, విలేఖరి, చిత్రాంగి

నాగయ్య ఇంటిపేరు ఉప్పలదడియం. పుట్టింది 1904 మార్చి 28న, గుంటూరు జిల్లా రేపల్లెలో. పెరిగిందీ చదువుకున్నదీ చిత్తూరు సీమలో. అందుకే ఊరిపేరే ఇంటిపేరై నిలిచిపోయింది. కొన్నాళ్లు ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. కొన్నాళ్లు ఆంధ్రపత్రికకు విలేఖరిగా వార్తలు రాశారు. గాంధీజీ పిలుపు దేశమంతా మోగిన కాలం అది. ఆ పిలుపు ఆయన్నీ ఉద్యమంలోకి లాగింది.

సాయంత్రాలు మాత్రం నాటకానివి. చిత్తూరులో రామవిలాస సభ పేరున్న నాటక సమాజం. అక్కడ ‘సారంగధర’లో నాగయ్య చిత్రాంగి వేషం కట్టేవారు. ఆడవేషం మగవాళ్లే కట్టే రోజుల్లో చిత్రాంగి పాత్ర గొప్ప పరీక్ష. సవతి కొడుకు మీద మోహం, అది తీరక పగ, చివరికి పశ్చాత్తాపం, అన్నీ పద్యంలోనే పలకాలి. తర్వాతి కాలంలో భక్తుల పాత్రలకే పేరుపడ్డ నటుడు తొలినాళ్లలో ఈ పాత్రతో ప్రేక్షకుల్ని మెప్పించాడంటే ఆయన నటనకు వేళ్లు ఎంత లోతుగా ఉన్నాయో తెలుస్తుంది. మనిషి మనసులోని చీకటి తెలియనివాడు భక్తుడి కన్నీటిని నమ్మించలేడు.

పాటతో పేరు వచ్చింది. గ్రామఫోను రికార్డులు ఆయన గొంతును చిత్తూరు పొలిమేర దాటించాయి. 1938లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘గృహలక్ష్మి’ తయారైనప్పుడు అందులో సంఘసంస్కర్త పాత్ర నాగయ్యకు దక్కింది. ఆ పాత్ర ఊరూరా తిరిగి కల్లు మానమని పాడుతుంది. ఆ పాట అంతగా పాకిపోవడానికి ఒక కారణం కాలంలోనే ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే తెరమీది మాట, ఊళ్లో చర్చ ఒకటే అయ్యాయి. ఉప్పు సత్యాగ్రహ కాలపు కార్యకర్త, పాత్రికేయుడు, నాటకాల నటుడు ఈ ముగ్గురూ ఆ పాత్రలో ఒక్కటయ్యారు.

వాహినీ బాట

బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ పెట్టి 1939లో తీసిన ‘వందేమాతరం’లో నాగయ్య చదువుకున్న నిరుద్యోగి. పక్కన కాంచనమాల. మరుసటి ఏడాది ‘సుమంగళి’ వచ్చింది. అది వితంతు వివాహాన్ని చర్చించిన చిత్రం. అందులో నాగయ్య వయసు మళ్లిన సంస్కర్త. అసలు వయసు నలభై కూడా లేదు. కథానాయకుడి పాత్ర వదులుకుని ముసలి వేషం కట్టడానికి ఆనాటి ఏ నటుడైనా ఆలోచిస్తాడు. నాగయ్య ఆలోచించలేదు. 1941లో ‘దేవత’. అదే ఏడాది తమిళంలో ‘అశోక్‌కుమార్’. ఎం.కె. త్యాగరాజ భాగవతార్ వంటి మహాతార ఎదుట అశోక చక్రవర్తిగా నిలబడి, పరాయి భాషలో మెప్పు పొందారు. 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘మీరా’లో మీరా భర్త రాణాగా నటించిందీ ఆయనే.

ఇదే 1945లో ‘స్వర్గసీమ’ కూడా వచ్చింది. పచ్చని సంసారాన్ని వదిలి, ఒక నటీమణి ఆకర్షణలో పడి, పతనమై, తిరిగి ఇల్లు చేరే మనిషి కథ. భానుమతి ఎదుట నాగయ్య. ఆ చిత్రాన్ని చూసినవాళ్లు ఆయన్ను భక్తుల నటుడని మాత్రమే అనలేరు. పొరపాటు చేసే మధ్యతరగతి మనిషి సిగ్గు, తిరుగుబాటు, అలసట ఆయన భుజాల్లోనే కనిపిస్తాయి. 1950లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా పక్షిరాజా వారు తమిళంలో ‘ఏళై పడుమ్ పాడు’గా, తెలుగులో ‘బీదలపాట్లు’గా తీసినప్పుడు రొట్టె దొంగిలించి జైలుపాలైన నాయకుడి పాత్ర నాగయ్యదే. ప్రపంచ సాహిత్యంలో ఖైదీ పాత్రల్లో దానికి మించింది అరుదు. పద్నాలుగేళ్ల తర్వాత గోల్కొండ ఖైదీ పాత్ర కట్టబోయే నటుడికి అది గొప్ప సాధన.

ఆ రోజుల్లో బొంబాయి ‘ఫిల్మిండియా’ సంపాదకుడు బాబూరావు పటేల్ ఆయన్ను భారతదేశపు పాల్ మునీ అన్నారు. పాల్ మునీ హాలీవుడ్‌లో లూయీ పాశ్చర్, ఎమిలీ జోలా వంటి నిజజీవిత మహానుభావుల్ని తెరమీదికి తెచ్చిన నటుడు. ఆ పోలిక తగినదే. ఒక తేడా మాత్రం ఉంది. మునీకి తన పాత్రల కోసం పాడే పని, బాణీ కట్టే పని లేవు. నాగయ్య ఆ పనులన్నీ చేశారు.

ముగ్గురు భక్తులు, ముగ్గురు రాజులు

ఇక్కడే ఈ వ్యాసం చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది.

నాగయ్య జీవితంలో శిఖరాలు ఏవని అడిగితే తెలుగువాళ్లెవరైనా ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’, ‘రామదాసు’ అంటారు. వేమన దారి వేరు. మిగిలిన ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. పోతన భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చినవాడు. త్యాగయ్య రాముడే సర్వస్వమని బతికినవాడు. గోపన్న రాముడికి గుడి కట్టి చెర పాలైనవాడు. ముగ్గురూ రామభక్తులు. ముగ్గురి కథలోనూ ఎదురుగా ఒక రాజు ఉన్నాడు. పోతన తన కావ్యాన్ని రాజుకు అమ్మనన్నాడు. త్యాగయ్య తంజావూరు కొలువు కానుకల్ని కాదన్నాడు. గోపన్న రాజు సొమ్మునే రాముడికి ఖర్చుపెట్టాడు.

కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన ‘భక్త పోతన’ 1940ల ఆరంభంలో, యుద్ధం నడుస్తుండగా, క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో వచ్చింది. సముద్రాల రాఘవాచార్య మాటలు, పాటలు. దున్నుకుని బతికే కవి ఒకవైపు, సిరిసంపదలతో వచ్చే కొలువు మరోవైపు. దొరతనానికి తలవంచని రైతుకవిని చూసి జనం చప్పట్లు కొట్టారంటే అందులో భక్తి పాలెంత, స్వాతంత్ర్య కాంక్ష పాలెంత అని విడదీయడం కష్టం. 1946లో నాగయ్య సొంతంగా రేణుకా ఫిలిమ్స్ పతాకం కింద ‘త్యాగయ్య’ తీశారు. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, గాయకుడు, నాయకుడు అన్నీ తానే. కర్ణాటక సంగీత విద్వాంసులు కూడా మెచ్చేలా కృతుల్ని తెరమీద పాడటం సామాన్యమైన సాహసం కాదు. 1947లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘యోగి వేమన’. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కులాన్నీ కపటాన్నీ నిలదీసిన వేమన తెరమీదికి వచ్చాడు.

ఈ వరసలో రామదాసు చివరివాడు. అందరికన్నా కష్టమైన పాత్ర కూడా అతనిదే. ఎందుకో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

తహసీల్దారు గోపన్న

కంచర్ల గోపన్న ఊరు నేలకొండపల్లి. ఖమ్మం పట్టణానికి దగ్గరే. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ కొలువులో ఎదిగినవాళ్లు. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా, అంటే మన తానీషా, గద్దెనెక్కాడు. మాదన్న మంత్రి అయ్యాడు. ఆ బంధుత్వం వల్ల గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి దక్కింది.

తహసీల్దారు అంటే శిస్తు వసూలు చేసి ఖజానాకు చేర్చేవాడు. అతని చేతిలో కవిలెకట్టలు, లెక్కలు, బకాయిలు, జమలు. గోల్కొండ నవాబుకు మొగలుల కప్పం ఒత్తిడి ఉంది. ప్రతి పరగణా నుంచీ పైసలు రావాలి. అటువంటి వేళ ఈ అధికారి వసూలైన సొమ్ముతో భద్రగిరి మీద గుడి, ప్రాకారం, నగలు చేయించాడు. జనశ్రుతి ఆ మొత్తాన్ని ఆరు లక్షల వరహాలంటుంది.

ఇప్పుడు భద్రాచలం గుడిలో నగలు చూపించే చోట నిలబడి చూడండి. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణస్వామికి ముత్యాల పతకం, రామయ్యకు కలికితురాయి. దగ్గరగా చూస్తే చింతాకు పతకంలో పనితనం కంటిని పట్టేస్తుంది. చింత రెమ్మలోని సన్నని ఆకుల వరసను తలపించే చిన్నచిన్న రాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉంటాయి. ఇంత నాజూకైన పనికి కంసాలి ఎన్ని నెలలు కూర్చున్నాడో, ఎంత కూలి తీసుకున్నాడో. గోపన్న చెరసాలలో ఉండి రాముణ్ణి నిలదీస్తూ పాడిన కీర్తనలో ఈ నగలన్నిటినీ వరసగా పేరుపేరునా చెప్తాడు. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎంత పట్టిందో ఏకరువు పెడతాడు. అది భక్తుడి ఆర్తి. ఖర్చుల పట్టీ కూడా అదే. తహసీల్దారు తన జీవితంలో చివరిసారి లెక్క అప్పజెప్పినట్టు ఉంటుంది.

పన్నెండేళ్ల చెర అని సంప్రదాయం. గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు రామదాసు బందీఖానా అని చూపించే గదిలోకి తప్పకుండా తొంగిచూస్తారు. గోడలు మందం, వెలుతురు తక్కువ, పైనుంచి ఒక రంధ్రం. గోడమీద సీతారామ లక్ష్మణుల, హనుమంతుడి రూపాలు చెక్కి ఉంటాయి. గోపన్నే వాటిని చెక్కుకున్నాడని చెప్తారు. కథ ముగింపు అందరికీ తెలిసిందే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే సేవకుల రూపంలో అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి, బకాయి మొత్తం కుప్పపోసి, రసీదు అడిగి తీసుకున్నారట. ఆ రసీదు చూపించాక చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు కట్టిన నాణేలంటూ రామటెంకెలను నేటికీ భద్రాచలంలో చూపిస్తారు.

ఈ కథలో జనం పట్టుకున్న న్యాయం గమనించదగినది. దేవుడు వచ్చి రాజును శిక్షించలేదు. ఖైదీని మాయచేసి ఎత్తుకుపోలేదు. ఖజానాకు రావాల్సిన సొమ్ము పైసలతో సహా కట్టి, రసీదు తీసుకున్నాడు. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి, దేవుడైనా సరే ఆ లెక్క తీర్చాలి అన్న ధర్మం ఈ మట్టిలో అంత గట్టిగా ఉంది. తానీషా కూడా ఈ కథలో దుర్మార్గుడిగా మిగలలేదు. ఆయన కాలం నుంచే సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మొదలైందంటారు. తర్వాతి నిజాం పాలకులూ, ప్రజాప్రభుత్వాలూ ఆ ఆచారాన్ని నిలబెట్టారు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా దౌలతాబాద్ కోటలో ఖైదీ అయ్యాడు. గోపన్నను చెరలో పెట్టిన నవాబు తన చివరి రోజులు చెరలోనే గడిపాడు.

నాగయ్య చేతిలో గోపన్న

పోతనకూ త్యాగయ్యకూ ప్రశ్న సూటిగా ఉంది. రాజు ఇస్తానన్నాడు, వాళ్లు వద్దన్నారు. గోపన్న పరిస్థితి అలా కాదు. అతను రాజు ఉప్పు తిన్నవాడు. తీసుకున్న సొమ్ముకు జవాబు చెప్పాల్సినవాడు. భక్తి నిజం, నేరమూ నిజం. ఈ రెంటినీ ఒకే ముఖంలో చూపించాలి. నేరాన్ని దాచేస్తే పాత్ర బొమ్మవుతుంది. భక్తిని తగ్గిస్తే జనం ఒప్పుకోరు.

అరవై ఏళ్ల నాగయ్యకు ఈ రెండూ తెలుసు. కచేరీ గుమాస్తాగా లెక్కల పుస్తకం ముందు కూర్చున్నారు. ఉద్యమకారుడిగా ఏలేవాళ్లను ఎదిరించడమంటే ఏమిటో చూశారు. భార్యా వియోగం తర్వాత తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో కొంతకాలం గడిపినవారు కూడా. ఆయన పాడే తీరులోనే ఆ తూకం కనిపిస్తుంది. మొదట గొంతు కింది స్థాయిలో, దాదాపు మాట్లాడినట్టే మొదలవుతుంది. నోరు పెద్దగా తెరవరు. కనుబొమలు కొంచెం పైకి లేస్తాయి. సంగతులు ఎక్కువ వేయరు. మాట పలుకుబడి చెడకుండా, అర్థం వినేవాడి చెవిలో పడ్డాకే రాగం ముందుకు కదులుతుంది. ఆర్తి పెరిగేకొద్దీ గొంతు గట్టిపడటానికి బదులు తడుస్తుంది. రంగస్థలం మీద పద్యాన్ని చివరి వరస దాకా వినిపించేలా ఎత్తి పాడిన మనిషి, మైకు ముందు గొంతు తగ్గించడం నేర్చుకున్నారు. తెలుగు సినిమా పాట నాటకం పద్యం నుంచి వేరుపడి తన దారి తాను వెతుక్కున్న కాలంలో ముందు నడిచినవాళ్లలో నాగయ్య ఒకరు.

రామదాసు కథకు కబీరు అవసరం. కబీరుదాసు గోపన్నకు తారకమంత్రం ఉపదేశించాడని జనం నమ్ముతారు. కబీరు కాలం పదిహేనో శతాబ్దం, గోపన్నది పదిహేడో శతాబ్దం. తేదీలు కలవవు. కానీ ఒక ముస్లిం ఫకీరు నోట రామనామం విని నేలకొండపల్లి బ్రాహ్మడు రామదాసయ్యాడన్న నమ్మకాన్ని ఈ ప్రాంతం మూడు శతాబ్దాలుగా కాపాడుకుంది. అందుకని కబీరు పాటల కోసం నాగయ్య బొంబాయి నుంచి మహమ్మద్ రఫీని పిలిపించారు. రఫీ తెలుగు సినిమాకు గొంతు కలిపింది ఆ చిత్రంతోనే. కథ చెప్పే సామరస్యం పాడేవాళ్ల ఎంపికలోనూ ఉండాలని ఆయనకు తెలుసు.

సినిమా పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. డబ్బు లేక ఆగడం, మళ్లీ పోగుచేసి మొదలుపెట్టడం. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి అగ్రనటులు ఆయన మీది గౌరవంతో చిన్న పాత్రల్లో కనిపించారు. అప్పటికే సినిమా మారిపోయింది. కొత్త తరం నాయకులు, కొత్త పాటలు, కొత్త లెక్కలు. 1963లో రంగుల్లో వచ్చిన ‘లవకుశ’లో నాగయ్య వాల్మీకి. రామకథ రాసిన కవిగా ఆ ఏడాది, రాముడికి గుడి కట్టిన భక్తుడిగా మరుసటి ఏడాది కనిపించిన నటుడు తెలుగులో ఇంకొకరు లేరు.

వంతెన రాకముందు

‘రామదాసు’ విడుదలైన నాటికి భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన ఇంకా వాడుకలోకి రాలేదు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు. అంతకుముందు బూర్గంపాడు వైపు నుంచి వచ్చే యాత్రికులకు పడవే దిక్కు. రైలు దిగాలంటే కొత్తగూడెం దగ్గరి భద్రాచలం రోడ్ స్టేషనే. అక్కడి నుంచి అడవి దారి.

ఆ ఏరు ఒక కాలంలో సరిహద్దు కూడా. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. భద్రాచలం తర్వాత మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది. అవతలి గట్టున పాల్వంచ నిజాం రాజ్యంలో ఉండిపోయింది. గోపన్న ఏలిన పరగణా రెండు రాజ్యాల మధ్య చీలిపోయిందన్నమాట. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. అంటే గోపన్న పుట్టిన ఊరూ, గుడి కట్టిన ఊరూ మళ్లీ ఒకే జిల్లాలోకి వచ్చిన అయిదేళ్లకు నాగయ్య సినిమా వచ్చింది. 2016లో జిల్లాల విభజనతో నేలకొండపల్లి ఖమ్మంలో, భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెంలో ఉండిపోయాయి.

సరిహద్దులు ఇన్నిసార్లు మారినా పాట మారలేదు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనల్ని ఇంటింటికీ చేర్చారు. శ్రీరామనవమి నాడు కల్యాణ వ్యాఖ్యానం ఉషశ్రీ నోట వినడానికి ఊరంతా రేడియో చుట్టూ చేరేది. ఆ కీర్తనలు నేడు భద్రాచలంలో వాగ్గేయకార ఉత్సవాల్లో గోష్ఠిగానంగా వినిపిస్తున్నాయి. 2006లో కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’తో నాగార్జున కొత్త తరానికి గోపన్న అయ్యారు. అందులో కబీరు పాత్ర అక్కినేని నాగేశ్వరరావుది. ఒకనాడు నాగయ్య ‘రామదాసు’లో కనిపించిన నటుడే నాలుగు దశాబ్దాల తర్వాత కొడుకు గోపన్నకు గురువు పాత్ర కట్టారు. తరాల మధ్య ఆ చేయి అందింపు నాగయ్యతోనే మొదలైంది.

చివరి లెక్క

1965లో భారత ప్రభుత్వం నాగయ్యకు పద్మశ్రీ ఇచ్చింది. దక్షిణాది సినీనటుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటివారిలో ఆయన ఉన్నారు. కానీ సంపాదన అప్పటికే కరిగిపోయింది. మద్రాసులో ఆయన ఇల్లు ఒకప్పుడు వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లు. అవకాశాల కోసం వచ్చిన పాటగాళ్లు, నటులు, అప్పు అడిగినవాళ్లు, అడగలేక నిలబడ్డవాళ్లు, ఎవర్నీ ఖాళీ చేతులతో పంపలేదని ఆనాటి సినిమావాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. సొంత చిత్రాల నష్టాలు దానికి తోడయ్యాయి. చివరి ఏళ్లలో చిన్నచిన్న తండ్రి పాత్రలు, తాత పాత్రలు వేసి బతికారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు.

గోపన్న కథతో ఈ జీవితాన్ని పోల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పోలిక సగమే నిజం. గోపన్న ఖర్చుపెట్టింది ఖజానా సొమ్ము. నాగయ్య ఖర్చుపెట్టింది తన చెమట సొమ్ము. గోపన్న బాకీ తీర్చడానికి రామోజీ, లక్ష్మోజీ వచ్చారని జనం చెప్పుకున్నారు. నాగయ్య బాకీ తీర్చడానికి ఎవరూ రాలేదు. ఆ బాకీ తెలుగు సమాజం మీద ఉంది.

దాన్ని తీర్చే పని ఖమ్మం నుంచే మొదలుకావాలని ఈ రచయిత కోరిక. నేలకొండపల్లిలో రామదాసు ధ్యానమందిరం ఉంది. ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. పాలేరు నీళ్లను మెట్ట పొలాలకు ఎత్తిపోసే పథకానికీ గోపన్న పేరే పెట్టుకున్నాం. కానీ అరవయ్యో ఏట ఆ గోపన్నకు ప్రాణం పోసిన నటుడి పేరు ఈ చోట్లలో వినపడదు. తొలినాటి తెలుగు టాకీలు చాలావాటి ప్రతులు మనకు దక్కలేదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా పోయింది. ‘రామదాసు’ వచ్చిన 1964లోనే పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ మొదలైంది. పాత చిత్రాల్ని శుభ్రం చేసి, డిజిటల్ ప్రతులు తయారుచేసే నైపుణ్యం ఇప్పుడు దేశంలో ఉంది. నాగయ్య నటించిన పోతన, త్యాగయ్య, వేమన, రామదాసు చిత్రాలను ఆ పద్ధతిలో కాపాడాలి. ప్రతి రామదాసు జయంతికి కళాక్షేత్రంలో ఆయన సినిమా ఒకటి వేయాలి. బడిపిల్లల్ని తీసుకెళ్లాలి. ఊళ్లో పెద్దలు, సాంస్కృతిక సంఘాలు, ప్రజాప్రతినిధులు కూర్చుని తలపెడితే ఇది పెద్ద ఖర్చు కాదు.

ఈ రచయిత అభిప్రాయం ఒక్కటే. తెలుగు తెరమీద మనస్సాక్షికీ అధికారానికీ మధ్య జరిగిన వాదాన్ని ఇంత నిండుగా, ఇంత కాలం, ఇన్ని పాత్రల్లో నడిపిన నటుడు నాగయ్య తర్వాత మరొకరు రాలేదు. గోపన్న పేరు చెప్పుకునే ప్రతి ఖమ్మం ఇల్లూ ఆయన పేరు కూడా చెప్పుకోవాలి.

(వచ్చే వారం: 1973లో బాపు, రమణలు రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద నడిపిన ‘అందాల రాముడు’ పడవ)